అడుగంటిన సారం

గరిటె మేస్త్రి చచ్చి పద్దెనిమిదేళ్లయినా ఇల్లు ఖాళీ చెయ్యలేదు. పోయినవాళ్లు మర్యాదగా పోవాలి, వెనక ఉన్నవాళ్లను బతకనివ్వాలి. ఈయన పోయినట్టే పోయి గుమ్మం పైన పేరుచెక్కలో ఉండిపోయాడు, పిడి అరిగిన గరిటెలో ఉండిపోయాడు, ఆకు ఆరబెట్టే మేడగదికి వెళ్లే మెట్ల మీద తన పాదాల కొలతకు అరగదీసిన గుంటల్లో ఉండిపోయాడు. అవన్నీ పోనీ అనుకోవచ్చు. చెక్క పీకితే పొయ్యిలోకి పనికొస్తుంది, మెట్లకు సిమెంటు పూయించవచ్చు. కానీ ఆ మనిషి ఇప్పుడు తను వదిలిపోయిన పెళ్లాం తలకాయలో కాపురం పెట్టాడు. అక్కణ్నుంచి లేపడానికి ఏ కోర్టులో దావా వెయ్యాలో చెప్పేవాడు లేడు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు పెద్దలు. బతికినన్నాళ్లూ ఆ కళ్లు మిరియపు గింజలంతే ఉండేవి, చిన్నోడు తన కళ్లతో చూశాడు.

చూశాడు కాబట్టే ఈ మంట. పొయ్యి ముందు ముక్కాలిపీట వేసుక్కూర్చుని గరిటె తిప్పుతున్నాడు గానీ, తిప్పుతున్నది సారాన్నో కడుపులో మంటనో అతనికే తెలియడం లేదు. యాభై దాటాయి, మీసంలో నలుపు వెతుక్కోవాలి, అయినా మందాకుల బజారులో కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ అతను చిన్నోడే. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి మందుసారం కాచే ఈ కాపుబట్టీలో బుట్టలు మొయ్యడానికి చేరినరోజు మేస్త్రి పెట్టిన పేరు అది. పెట్టినవాడు పోయాడు, పేరు మాత్రం పెచ్చు కట్టి కూర్చుంది. కింద పెద్ద గుండిగలో నీళ్లు గుడగుడమంటున్నాయి. ఆ నీళ్ల మీద వెడల్పాటి గిన్నె, గిన్నెలో వడగట్టిన పసరు, సగం సరస్వతి ఆకుది, సగం పెన్నేరు గడ్డది. నిప్పు నేరుగా తగిలితే సారం చస్తుంది. నీటి ఆవిరి గిన్నె అడుగును నిమరాలి, అంతే, పసిబిడ్డ వీపు నిమిరినట్టు. కింది నీళ్లు ఇంకుతున్నకొద్దీ చెంబుతో పోస్తుండాలి. చెవి ఒకటి ఎప్పుడూ ఆ గుడగుడ మీదే ఉండాలనేది మేస్త్రి చెప్పిన మొదటి పాఠం. కళ్లు మూసుకున్నా పరవాలేదురా, చెవి మూశావో నీ బతుకు మాడిపోతుంది, అనేవాడు. అన్నీ పాఠాలే ఆ మనిషికి. దగ్గినా పాఠమే.

ఈ కాపు మామూలు కాపు కాదు. ఇందులో ఉన్న పచ్చాకు పెరట్లో తడినేల మీద పెరిగిన ఆకు, ఆఖరి కోత. పొద్దున మేస్త్రి తమ్ముడి కొడుకు ఇద్దరు కూలీలతో వచ్చి పెరటిమడి చుట్టూ ఇనపతీగ లాగించి తాళం వేసుకుపోయాడు. పోతూ పోతూ, ఉన్న ఆకు కోసుకో చిన్నాయనా, మనవాళ్లం మనకెందుకు గొడవలు, అని ఔదార్యం కూడా చూపించాడు. చిన్నాయన! వాడి నోట ఆ మాట పదహారేళ్లుగా రాలేదు. మడి చేతికి వచ్చాక వరస గుర్తొచ్చింది. నేల వస్తే చుట్టరికం మొలుస్తుంది కాబోలు, తడినేల కదా. చిన్నోడు కొడవలి తీసుకుని మోకాళ్ల మీద పాకుతూ కోశాడు. గుండ్రటి లేత ఆకులు, ఒక్కొక్కటీ పిల్లల చెవంత, కాడ తెంపగానే ఆ పచ్చి వాసన. వచ్చేవారం నుంచి బజారాకే గతి. బజారాకు ఎండలో ఎండేసినది, సగం మట్టి, సగం మరేదో గడ్డి. అది కాస్తే రంగొస్తుంది, ఇంకేం రాదు. కాబట్టి ఈ గిన్నెలో ఉన్నది చిక్కబడితే ఆవిడకు ఒక ఋతువంతా సరిపోతుంది. మాడితే లేదు.

ఆవిడ గుమ్మం దగ్గర పేము కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో చేట. చేటలో పొద్దుటి తాలు, ముదురాకులూ కాడలూ. వాటిని ఏరుతోంది. ఏరినవాటిని పక్కన పెట్టి, పక్కన పెట్టినవాటిని మళ్లీ చేటలో పోసుకుని, మళ్లీ ఏరుతోంది. చేతులకు మతిమరుపు రాలేదు. ఆ వేళ్లు కాడ దగ్గర గిల్లే తీరు, గోటితో మట్టి గీకే తీరు, ఈ ఇంటికి కొత్త కోడలుగా వచ్చిననాటిదే. ఆనాడు పెట్టె మోసుకొచ్చింది ఎవరు? చిన్నోడు. ఆ మాటకొస్తే ఈ ఇంట్లో ఆవిడ కన్నా ముందొచ్చినవాడు అతను. ఆవిడ గుమ్మం దాటేసరికి అతను అప్పటికే ఏడాది నుంచీ గుండిగలు తోముతున్నాడు. పెట్టె బరువుగా ఉందా బాబూ అని అడిగింది. ఆ మాటకు ఇంత వయసులో ఇప్పటికీ వీపు నిటారవుతుంది. అతను పదిహేనేళ్లవాడు, ఆవిడ ఇరవయ్యేళ్లది, మేస్త్రి వాళ్లిద్దరి వయసూ కలిపినంతవాడు. అది న్యాయమా అని అప్పుడు ఎవరినీ అడగలేకపోయాడు. ఇప్పుడు అడగడానికి మిగిలింది గోడలే.

డాక్టరమ్మ మంచి పిల్లే. పెద్దాసుపత్రిలో అంతమంది ఉన్నా విసుక్కోకుండా కాగితం మీద మెదడు బొమ్మ గీసి చూపించింది, వేళ్లూ పిల్లవేళ్లూ ఉన్న దుంపలాగ. ఈ జబ్బులో కొత్తవి ముందు పోతాయండీ, పాతవి చివరిదాకా ఉంటాయి, చిన్నప్పటివీ పడుచునాటివీ గట్టిగా పట్టుకుని ఉంటాయి, అంది. మరి మేం కాచే సారం, అని నీళ్లు నమిలాడు. ఆ పిల్ల నవ్వలేదు. ఈ మొక్కల మీద పరీక్షలు జరుగుతున్నాయి, గాజుపళ్లెంలో పెంచిన కణాలకు కాస్త కాపుదల ఇస్తున్నట్టు కొందరు రాస్తున్నారు, మనుషుల్లో ఏం చేస్తుందో నేను గట్టిగా చెప్పలేను, నా మాత్రలు మాత్రం మానిపించొద్దు, రక్తపరీక్షకు కూడా తీసుకొస్తూ ఉండండి, అంది. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి ప్రయత్నం, అంతే. ఉన్నది నిలబెట్టుకోవడం. బస్సులో కూర్చుని ఆ మాటను నములుతూ వచ్చాడు, ఇంటికొచ్చాక ఆకు దంచుతూ నమిలాడు, మూడోనాటికి గానీ దాని చేదు తెలియలేదు. ఆవిడ తలలో ఉన్నది ఎవరు? మేస్త్రి. పోతున్నది ఎవరు? పదహారేళ్లుగా ఆవిడ రెండో మొగుడైన తను. మరి ఈ చేతులతో ఆకు కోసి, ఈ కళ్లను పొగకు ఒప్పజెప్పి, ఈ నడుము విరగ్గొట్టుకుని తను కాపలా కాస్తున్నది ఎవరి కొంపకు? సొమ్మొకడిది సోకొకడిది అంటారు, ఇక్కడ సొమ్మూ వాడిదే సోకూ వాడిదే, చాకిరీ ఒక్కటే తనది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఎవడన్నాడో వాణ్ని తెచ్చి ఈ కుర్చీ ముందు కూర్చోబెట్టాలి. కొమ్ములే ముందు రాలుతున్నాయి నాయనా. చెవులు నిక్షేపంగా ఉన్నాయి.

చెంబెడు నీళ్లు పోశాడు. గుడగుడ ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంది.

ఇంకా ఘోరం ఏమిటంటే ఆ గరిటెడు సారం కూడా తన చేత్తో తాగదు ఆవిడ. నాలుగు నెలల కిందటిదాకా, తీసుకోండి అని గిన్నె అందిస్తే తీసుకునేది, మొహం చిట్లించేది, చక్కెర ముక్క అడిగేది. ఒకరోజు నోరు బిగించేసింది. చిన్నోడా, నువ్వు పెట్టేదేమిటి, ఆయన్ని రమ్మను, అంది. బతిమాలాడు, కోప్పడ్డాడు, గిన్నె నేలకేసి కొట్టబోయి ఆపుకున్నాడు. రెండు రోజులు అలా గడిచాక, మూడోరోజు వెనకనుంచి వచ్చి, ఎందుకన్నాడో తెలియకుండానే, గొంతు కిందికి దించి, మాట చివర చిన్న దగ్గు ఆనించి, ఏమే పిచ్చుకా, నోరు తెరువు, అన్నాడు. మేస్త్రి మాట అది, అచ్చంగా అదే. పిచ్చుక నోరు తెరిచింది. గరిటె లోపలికి వెళ్లింది. ఆ రాత్రి అతను అన్నం ముట్టలేదు. పదహారేళ్ల కాపురంలో ఆవిడను ఒక్కసారి కూడా నువ్వు అనలేదు. యజమాని పెళ్లానికి మీరు అని అలవాటు పడ్డ నాలుక పెళ్లయినా తిరగలేదు. ఆవిడ కూడా మొదటి ఏడాది, ఇంకా మీరేమిటయ్యా అని నవ్వి, రెండో ఏడు మానేసింది. అంత చనువు తను తీసుకోలేకపోయాడు, ఇవ్వడానికి ఆవిడ వెనకాడలేదు. ఇప్పుడు రోజుకు రెండుపూటలా తన పెళ్లాన్ని నువ్వు అంటున్నాడు, ఇంకొకడిగా. వేషం వేస్తే తప్ప సొంత ఇంట్లోకి రానివ్వని బతుకు. వేషగాడికైనా చివర్లో ఎవరో పది డబ్బులు విసురుతారు.

మేస్త్రి ఆవిడకు గరిటె పట్టడం ఇవాళ్టిది కాదు. ఈ కాపుబట్టీకి నాలుక ఆవిడే. ఎంత కాపు దించినా మొదటి బొట్టు ఆవిడ నాలుక మీద పడాల్సిందే. ఆవిడ కళ్లు మూసుకుని, దాన్ని కాసేపు నోట్లో ఉంచుకుని, నాలుకను అంగిటికి తాటించి టక్కుమనిపించి, అయింది అంటే అయినట్టు, ఇంకా అంటే ఇంకా. కొనేవాళ్లు సీసా మీద పేరు చూడరు, ఇంట్లో అమ్మగారు చూశారా అని అడుగుతారు. ఎవరు దంచారు, ఎవరు వడగట్టారు, ఎవరు కాచారు, ఆ నాలుకకు అన్నీ తెలిసేవి. పందొమ్మిదేళ్లప్పుడు చిన్నోడు మొదటిసారి సొంతంగా కాపు దించినరోజు ఆవిరిలోంచి చూస్తూ నిలబడ్డాడు. గరిటె మాత్రం మేస్త్రే పట్టుకున్నాడు, గరిటె ఇంకొకరికి ఇస్తే ఆ పేరెందుకొస్తుంది. ఏమే పిచ్చుకా నోరు తెరువు అన్నాడు, ఆవిడ తెరిచింది, కళ్లు మూసింది, టక్కుమంది. అడుగంటింది అంది. చిన్నోడికి ఎవరిమీదో కోపమొచ్చింది, నీళ్లు చూసుకోలేదు, అని కళ్లు తెరిచి తిన్నగా అతని వంక చూసి నవ్వింది. ఎవరిమీద కోపమో చెప్పలేదు. తెలిసి చెప్పలేదా, తెలియక చెప్పలేదా? ముప్ఫై ఏళ్లకు పైగా అదొక్క ప్రశ్న ముల్లులాగ అరికాల్లోనే ఉంది. మేస్త్రి మాత్రం ఒక్కమాట లేకుండా ఆ కాపంతా తీసుకెళ్లి మోరీలో పారబోశాడు. అడుగు మాడితే పైదంతా మాడినట్టేరా, పొగ ఒక మూల ఉండదు, అన్నాడు. ఆ మనిషి కాచింది ఎన్నడూ మాడలేదు. అదేదో మహిమ కాదు. మాడ్చుకోవడానికి లోపల ఏమన్నా ఉండాలి కదా. అన్నీ ఉన్నవాడికి కోపమెందుకొస్తుంది.

ఆయన పోయాక రెండేళ్లు ఆ ఇంటి గుమ్మం అవతలే పడుకున్నాడు. బట్టీ ఆపలేదు. ఒక సాయంత్రం ఆవిడే, ఎన్నాళ్లని బయట పడుకుంటావు, జనం ఎలాగూ అనేది అంటున్నారు, అంది. పెళ్లి మాట అలా వచ్చింది. పిడికెడు మంది సాక్షుల ముందు సంతకాలు. బజారంతా ఒకటే కూత, గుండిగలు తోమినవాడికి గుండిగ, బట్టీ, అమ్మగారు అన్నీ గంపగుత్తగా దొరికాయని. దొరికాయట! నేలమీద పడి ఉంటే ఏరుకున్నట్టు. మేస్త్రి పోతూ పోతూ బట్టీ సామాను ఆవిడ పేర రాశాడు, పెరట్లో నూట ఎనభై గజాల తడినేల ఆవిడ పేర రాశాడు. ఆవిడ బుద్ధిపుట్టి ఎవరికైనా రాసుకోవచ్చు, రాయకుండా పోయినా, రాసే తెలివి తప్పినా తన తమ్ముడి కొడుక్కి. ఎవరికైనా. చిన్నోడికి అని ఒక్క ముక్క రాస్తే సిరా అయిపోతుందా? ఆ నేల బాగుచేసింది ఎవరు, ఊటనీరు తోడి, రాళ్లేరి, ఆకు తీగ పాకించింది ఎవరు? నీదేరా చివరికి అని ఎన్నిసార్లు అనలేదు నోటితో. ఆవిడ మాత్రం పెళ్లయిన కొత్తల్లోనే అడిగింది, నీ పేర రాయించేదా అని. వద్దన్నాడు. మేస్త్రి విదిల్చిన ముక్క నాకెందుకు, అన్నాడు. మళ్లీ ఇంకోసారి అడుగుతుందని ఎదురుచూశాడు. బతిమాలి ఇస్తే పుచ్చుకుందామనుకున్నాడు. ఆవిడ బతిమాలే మనిషి కాదు, అతను అడిగే మనిషి కాదు, ఆకు మాత్రం ఏపుగా పెరుగుతూ పోయింది.

పోయిననెల ఇక తప్పక, మంచిరోజు అంటే ఆవిడ తెలివిగా ఉన్నరోజు చూసుకుని, ఉతికిన చీర కట్టించి, జుట్టు దువ్వి, దస్తావేజుల ఆఫీసుకు తీసుకెళ్లాడు. దారిలో బాగానే ఉంది. ఆటోలోంచి దుకాణాల పేర్లు చదివింది, ఈ చెప్పుల కొట్టు ఇంకా ఉందే అంది. ఆఫీసరు ఎదుట కుర్చీలో రాణిలా కూర్చుంది. మీ పేరేంటమ్మా అంటే చెప్పింది. నేల ఎక్కడుంది అంటే, మా పెరట్లో, అంది. ఇష్టపూర్వకంగానే రాస్తున్నారా అంటే తల ఊపింది. చిన్నోడు పిడికిట్లో వేళ్లు ముడుచుకుని నిలబడ్డాడు. మీవారి పేరు? అన్నాడు ఆఫీసరు, కాగితం మీంచి తల ఎత్తకుండా. ఆవిడ సిగ్గుపడింది. యాభై ఆరేళ్ల మనిషి, కొత్త పెళ్లికూతురులాగ తల వంచుకుని, మేస్త్రి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆఫీసరు తల ఎత్తాడు. మరి ఈయన? ఆవిడ అతని వంక ఎంతో ఆప్యాయంగా, ఇంటి కుక్కను చూసినట్టు చూసి, "మా చిన్నోడు. మా దగ్గరే పనిచేస్తాడు, నమ్మకస్తుడు" అంది. ఆ గదిలో గుమస్తా ఒకడు ఫక్కున నవ్వి దగ్గులో కలిపేశాడు. ఆఫీసరు మర్యాదస్తుడు, కాగితాలు మెల్లగా ఇటు తోశాడు. ఆవిడకు మతి నిలకడ లేదు, ఈ సంతకం చెల్లదు, అన్నాడు. ఆ మాట పట్టుకుని తమ్ముడి కొడుకు చేసుకోవలసింది చేసుకున్నాడు. దానికి అతను ఏడవలేదు. నమ్మకస్తుడు అన్నదానికి ఏడ్చాడు, మెట్లకింద, పార్కుచేసిన స్కూటర్ల మధ్య. ఆవిడ కొంగుతో అతని మొహం తుడిచి, ఎవరైనా ఏమన్నా అన్నారా, ఆయనతో చెబుతానుండు, అంది. ఆయనతో చెబుతుందట. ఆ సిగ్గు, ఆ తల వంచడం, తనని చూసి ఎప్పుడైనా అలా తల వంచిందా? గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. అంత కన్నీళ్లలోనూ వెతికాడు. పెళ్లిసంతకం పెట్టినరోజు? లేదు, ఆరోజు కలం సిరా కారి వేళ్లంతా అయితే నవ్వింది. జ్వరం వచ్చి తను పడుకున్నప్పుడు నుదుటి మీద చెయ్యి వేసి, కాలిపోతోందే అంది. వానలో ఆకు తడుస్తుంటే ఇద్దరూ గోనెపట్టాలు లాగుతూ జారిపడి, లేవలేక, వానలోనే కూర్చుండిపోయి, అప్పుడు ఆవిడ భుజం తన భుజానికి, ఎంతసేపో, మాట లేకుండా, వాన ఆగేదాకా. అది సిగ్గు కాదు. మరి అదేమిటి? అది ఇప్పుడు ఆవిడ తలలో ఏ మూల ఉంది, ఏ వేరుకు అంటుకుని, లేక ఆ పిల్లవేరు ఎప్పుడో కుళ్లి రాలిపోయిందా, అప్పుడు ఆ వాన ఇక తనొక్కడిదేనా, ఇద్దరు తడిసిన వానను ఒక్కడు ఎలా మొయ్యడం, మేస్త్రికి ఇలాంటి వాన ఒకటైనా ఉందా, ఉండే ఉంటుంది, వాడికి అన్నీ ఉన్నాయి, వాడికి లేనిదేమైనా ఉందా ఈ ఇంట్లో, ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

ఎంతసేపటి నుంచి ఇలా ఉందో తెలియక గబుక్కున గిన్నె మీదికి వంగాడు. గుడగుడ లేదు. కింద గుండిగలో నీళ్లు ఎప్పుడో ఇంకిపోయి వట్టి ఇత్తడి కాగుతున్న చప్పుడు, టిక్కు టిక్కుమని. చేతిగుడ్డ వెతికే ఓపిక లేక వట్టిచేతులతో గిన్నె దించాడు. వేళ్లు చురుక్కుమన్నాయి. గరిటెతో అడుగు తాకితే జారలేదు, పట్టుకుంది. వాసన అప్పుడు వచ్చింది, సన్నగా, కాలిన గుడ్డ వాసన. మోకాళ్లమీద పాకి కోసిన ఆకు. ఆఖరి కోత. చెవి మూశావో నీ బతుకు మాడిపోతుంది. అన్నాడుగా, అన్నీ ముందే అనిపోయాడుగా పెద్దమనిషి.

పైపైన వేరే గిన్నెలోకి మెల్లగా వంచాడు. రంగు బాగానే ఉంది, తేనెలాగ జారుతోంది. కాచినవాడే ముందు నాలుకకు రాసుకోవాలి కాబట్టి రాసుకున్నాడు. ముందు చేదు, ఆ వెనక వగరు, ఆ వెనక, ఎంత వద్దనుకున్నా, పొగ. మేస్త్రి అయితే ఈపాటికి మోరీ దగ్గర ఉండేవాడు. చిన్నోడు మోరీ దాకా వెళ్లాడు కూడా. గిన్నె వంచబోయాడు. పారబోస్తే పీడా వదిలిపోతుంది, ఒక్క నిమిషం అలా కూడా అనుకున్నాడు. సారం లేకపోతే కాపలా లేదు, కాపలా లేకపోతే వాడూ ఎన్నాళ్లో ఉండడు, ఆవిడ తలలో దీపాలన్నీ ఆరిపోయాక చీకట్లో పెద్దవాడూ చిన్నవాడూ ఒకటే. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. కుర్చీలోంచి ఆవిడ చేట దులుపుతున్న చప్పుడు వినబడుతోంది. వెనక్కి తిరిగాడు. పొగ చేసే చెరుపు ఏముంది, నోటికి బాగోదు, అంతేగా. ఎలాగూ ఆవిడ ఈమధ్య రుచి చూడటం లేదు, మింగడమే. గిన్నెలో గరిటె ముంచుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి, కుర్చీ వెనక నిలబడి, గొంతు దించాడు.

"ఏమే పిచ్చుకా, నోరు తెరువు."

తెరిచింది. గరిటె వంచాడు. ఎప్పటిలాగ గుటకేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు. కళ్లు మూసుకుంది. దవడ మెల్లగా కదిలింది. చేట మీద చేతులు ఆగిపోయాయి. ఏడాదో, ఏడాదిన్నరో అయింది ఆ చప్పుడు విని. నాలుక అంగిటికి తాకి టక్కుమంది.

"అడుగంటింది" అంది ఆవిడ.

చిన్నోడు గరిటె వెనక్కి తీసుకున్నాడు. పారబోస్తాలే అని మేస్త్రి గొంతుతో అనబోయాడు.

"ఇది మీ చెయ్యి కాదు" అంది, కళ్లు తెరవకుండానే.

"మరెవరిది?" అన్నాడు. దగ్గు ఆనించడం మరిచిపోయాడు.

"మా ఆయనది."

పెరట్లో కొత్త ఇనపతీగ మీద ఏదో పిట్ట వాలి, అది ఊగడంతో బెదిరి ఎగిరిపోయింది. చిన్నోడు కుర్చీ వీపు పట్టుకున్నాడు. కాలిన వేళ్లు మండాయి. మీ ఆయన్ని నేనే కదటే, అన్నాడు, మేస్త్రి తరఫున, మేస్త్రికి రావలసిన బాధంతా గొంతులో పెట్టి, నిజంగానే తెలుసుకోవాలని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నొప్పించకుండా చెప్పాలన్నట్టు గొంతు తగ్గించింది.

"మీరు కాచింది ఎప్పుడూ మాడలేదు, బాగుంటుంది. ఈయనకే లోపలేదో రగులుతూ ఉంటుంది, నీళ్లు చూసుకోడు. నేను చెప్పను. చెబితే పారబోస్తాడు, మళ్లీ ఆకు కొయ్యాలని మోకాళ్లు పడగొట్టుకుంటాడు. ఊరుకుని తాగేస్తా." అని గుటకేసింది. పెదవి మీది బొట్టు కూడా నాలుకతో తుడుచుకుంది. తర్వాత, కొనడానికి వచ్చినవాళ్లను చాలాసేపు కూర్చోబెట్టి ఇక పంపించేటప్పటి మర్యాదతో, "మరి మీరు వెళ్లండి. ఆయన్ని పంపించండి, మిగతాది ఆయన పెడతాడు" అంది.

వెళ్లాడు. ఏం చెయ్యాలో తోచక నిజంగానే లోపలికి వెళ్లాడు. పొయ్యిదాకా వెళ్లి, ఎవరినో దిగబెట్టడానికి వచ్చినవాడిలాగ వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. వెనక తలుపు తీసే ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మిరియపు గింజల కళ్లను చూడాలనిపించింది, ఇప్పుడెలా ఉన్నాయో, ఆ మొహాన ఏం రంగు తిరిగిందో. పొమ్మంటే ఎలా ఉంటుందో ఇవాళ తెలిసిందా మేస్త్రీ? మాడ్చుకోవడానికి లోపల ఏమన్నా మిగిలిందా? నవ్వొచ్చింది, ఆపుకోలేదు. ఒక్కడే పొయ్యి ముందు పిచ్చివాడిలాగ నవ్వి, మొహం కడుక్కుని, మీసం తుడుచుకుని, గరిటె మళ్లీ ముంచుకుని, ఈసారి వెనకనుంచి కాకుండా ఎదురుగా వచ్చి, కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆవిడ అతని వంక చూసింది. ఎవరనుకుందో ఆ చూపులో తెలియలేదు. అడగలేదు అతను. "నోరు తెరవండి" అన్నాడు, తన గొంతుతో, మీరు అంటూనే. పొగ వాసనకు ముక్కుపుటాలు కదిలాయి ఆవిడవి. నోరు తెరిచింది.

ఆ తర్వాత పెరటి గట్టు మీద కూర్చుని, ఇనపతీగ అవతల మోడులైన ఆకుతీగలను చూస్తూ, మాడిన గిన్నెను బూడిదతో రుద్దాడు. పూర్తిగా వదలలేదు నలుపు. వదిలేదాకా రుద్దాలనీ అనిపించలేదు. మేస్త్రి వల్ల నువ్వేం నష్టపోయావురా చిన్నోడా అని నిన్నటిదాకా ఎవరు అడిగినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు, చెబుతూ పోతే తెల్లారిపోయేది. ఇప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే ఒక్కముక్కలో చెప్పగలడు, ఎక్కువా లేదు తక్కువా లేదు. నూట ఎనభై గజాల తడినేల.